గానుగ షాఫ్టు విరిగిన చోటు

నేను ఒక షాఫ్టు ముక్కను. జానెడు పొడవు, ఏడు కిలోల బరువు. ఒకవైపు రంపంతో కోసిన ముఖం, రెండోవైపు విరిగిన ముఖం. విశాఖపట్నంలో ఒక ఇంజనీరింగు కాలేజీ ప్రయోగశాలలో, గోడకి ఆనించిన అద్దాల బీరువాలో రెండో అరలో నా నివాసం. కొత్తగా చేరిన పిల్లలు వచ్చినప్పుడు నా నున్నటి వైపు ఎవరూ చూడరు. అందరి కళ్ళూ విరిగిన వైపే. మొదట్లో నాకది చిన్నతనంగా ఉండేది. ఇప్పుడు అలవాటైపోయింది. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగానే ఉంటోంది. ఎందుకో చెప్తాను.

నా పుట్టుక గురించి గొప్పలు చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఉక్కు కొలిమిలో పుట్టాను. సగం గనిలోంచి వచ్చిన ఇనుము, సగం పాత సామాను. నాలో ఒక సైకిలు చక్రం, రెండు బావి గిలకలు, ఎవరిదో ఇనప్పెట్టె తలుపు కలిసి ఉన్నాయని నా అనుమానం. కరిగాక ఎవరు ఎవరో గుర్తుపట్టలేం. మనుషులు కులాలు, గోత్రాలు అడిగి తెలుసుకుంటారుగానీ మా కొలిమి దగ్గర ఆ ఏర్పాటు లేదు. ఎర్రగా కాలుతూ రోలర్ల మధ్య నలిగి, గుండ్రటి కడ్డీగా సాగి, చల్లారి, ఒక చివర పచ్చరంగు పూయించుకుని అనకాపల్లిలో ఇనుము కొట్టుకి చేరాను.

అక్కడికి ఒకరోజు సింహాద్రాచారి వచ్చాడు. సన్నటి మనిషి, చెవి వెనక సుద్దముక్క. కడ్డీలన్నిటినీ చిన్న సుత్తితో ఒక్కొక్కటే తడుతూ, చెవి ఒగ్గి వింటూ వచ్చాడు. నా దగ్గర ఆగి రెండుసార్లు తట్టాడు.

"ఇది పలుకుతాది. ఇదే ఇయ్యి," అన్నాడు.

అంతవరకూ నన్ను కొట్టినవాళ్ళే తప్ప విన్నవాళ్ళు లేరు. ఆ మాటతో నేను అతని మనిషినైపోయాను.

సింహాద్రాచారికి మెయిన్ రోడ్డు వెనక సందులో లేతు షాపు ఉంది. చుట్టుపక్కల ఊళ్ళలో చెరకు ఆడే బెల్లం గానుగలకి షాఫ్టు కావాలన్నా, పళ్ళచక్రం అరిగిందన్నా అతని దగ్గరికే రావాలి. నన్ను లేతుకి బిగించి తిప్పి పైచర్మం ఒలిచాడు. నీలం రంగు తిరిగిన ఇనుప చుట్టలు కిందపడి కుప్ప అయ్యాయి. తర్వాత గాడి తీశాడు. గాడి అంటే చెప్పాలి. పళ్ళచక్రం నా మీద జారిపోకుండా ఉండాలంటే ఇద్దరికీ మధ్య ఒక ఇనుప మేకు కూర్చోవాలి. ఆ మేకు కోసం నా ఒంటి మీద వేలెడు వెడల్పున తొలిచే చిన్న కాలవే గాడి. అతను గాడి తీస్తే దాని అడుగు పలకలా ఉంటుంది, పక్కగోడలు నిలువుగా ఉంటాయి, ఆ రెండూ కలిసే మూల బ్లేడుతో గీసినట్టు ఉంటుంది. ఆ మూల చూసుకుని మురిసిపోయేవాడు. అది వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న పనితనం.

"మూలన్నాక మూలలాగే ఉండాల," అనేవాడు.

సరిగ్గా ఆ రోజే అతని కూతురు నూకరత్నం షాపు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో ఫోను, ముఖంలో ఏడుపు. ఇంజనీరింగులో కంప్యూటర్ల సీటు వస్తుందని ఎదురుచూసింది. అది రాలేదు.

"మరేటొచ్చింది?" అన్నాడు సింహాద్రాచారి మిషను ఆపి.

"మెటీరియల్స్ ఇంజనీరింగు."

పక్క కొట్లో బట్టలు కుట్టే ఆదిలక్ష్మి ఆ మాట విని తల బయటపెట్టింది. "డ్రెస్ మెటీరియలా అమ్మా? మంచిదే కదా, నా కాడికొచ్చి నేర్చుకుంటే నాలుగేళ్ళెందుకు, నాలుగు నెలలు చాలు," అంది.

"బట్టలు కాదు పిన్నీ. ఇనుము, రాగి, అల్యూమినియం, గాజు... వస్తువులు దేంతో తయారవుతాయో అది," అంది రత్నం, ఏడవాలో నవ్వాలో తెలియక.

సింహాద్రాచారి నన్ను గుడ్డతో తుడుస్తూ ఆలోచించాడు. "మన ఇంట్లో మూడు తరాల నుంచీ ఇనుముతోనే బతుకుతున్నాం. దాని గురించి నాలుగేళ్ళు సదవడానికి ఏటుంటాదే? కాలిస్తే మెత్తబడతాది, చల్లారితే గట్టిపడతాది. అయిపోయింది."

ఎగతాళికి అనలేదు. నిజంగానే అడిగాడు. రత్నం దగ్గర అప్పుడు జవాబు లేదు. వేరే సీటు కూడా లేదు కనక చేరింది.

నేను తుమ్మగుంట అనే ఊరికి వెళ్ళాను. అక్కడ సన్యాసినాయుడి గానుగలో నన్ను బిగించారు. నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ లేను. పొద్దున్నే మోటారు వేస్తారు, నేను తిరుగుతాను, నాతోపాటు రోలర్లు తిరుగుతాయి. చెరకు గడలు ఒకవైపు వెళ్ళి, ఇంకోవైపు పిప్పిగా పడతాయి. పాలలాంటి రసం తొట్టిలోకి జారుతుంది. అవతల పెనం మీద పాకం కుతకుతలాడుతుంటే ఆ వాసనకి ఊరి పిల్లలంతా అక్కడే తిరుగుతుండేవారు. రసం తాగినవాళ్ళు చెరకుని మెచ్చుకున్నారు. బెల్లం తిన్నవాళ్ళు పాకం పట్టినవాణ్ణి మెచ్చుకున్నారు. తిరిగినదాన్ని మెచ్చుకోవాలని ఎవరికీ తోచలేదు. అందుకు నాకేం బాధ లేదు. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. నేను వెళ్ళిన రెండో ఏడాది సన్యాసినాయుడు పాత మోటారు తీసేసి, దానికి రెట్టింపు బలం ఉన్న కొత్త మోటారు పెట్టించాడు. గంటకి ఎక్కువ చెరకు ఆడొచ్చని. ఆడాం కూడా.

మూడో సీజనులో, మాఘమాసంలో, ఒక మిట్టమధ్యాహ్నం నేను విరిగిపోయాను.

ఠప్పుమని ఒక్క చప్పుడు. పళ్ళచక్రం నాలో సగాన్ని తీసుకుని వెళ్ళి పిప్పి కుప్పలో పడింది. దేవుడి దయవల్ల అటువైపు ఎవరూ లేరు. తొట్టిలో రసం పులిసిపోయింది. బయట పదకొండు బళ్ళ చెరకు ఎండలో నిలబడిపోయింది. అసలెందుకు విరిగానంటే నాకే తెలియదు. ఒంటి మీద దెబ్బ ఎక్కడ మొదలైందో చూసుకోవడానికి షాఫ్టుకి కళ్ళుండవు కదా.

సింహాద్రాచారిని పిలిపించారు. సన్యాసినాయుడు పెద్దమనిషే, నోరు జారే రకం కాదు. కానీ ఆ రోజు ఎండిపోతున్న చెరకు చూసి మనసు మండిపోయి ఉంది.

"ఆచారీ, నెల కిందట కొత్తపాలెం గానుగలో నువ్వు పెట్టిన షాఫ్టు విరిగింది. ఇయ్యాళ నాది విరిగింది. రెండూ ఒకే చోట విరిగాయి. మంచి ఇనుమని సెప్పి తుక్కు పెట్టావా?"

"నాయుడుగారూ, ఎంతమాట! నేను కొట్టి, విని తెచ్చిన ఇనుమది."

"ఇన్నానంటే సరిపోద్దా? వచ్చే ఆదివారం గానుగలోళ్ళందరం కూడుతున్నాం. నీకు పని ఇయ్యాలా వద్దా అన్నది అక్కడే తేలుతాది."

సింహాద్రాచారి నాలో విరిగిన చివరను రంపంతో కోసి తీసుకుని, నూనెగుడ్డలో చుట్టి ఇంటికి పట్టుకుపోయాడు. రంపానికి అవతల మిగిలిన నా ఒళ్ళంతా తుక్కు బండి ఎక్కి వెళ్ళిపోయింది. ఇప్పుడది ఎక్కడో ఎవరి ఇంటి గేటుగానో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండి ఉంటుంది. ఈ కథ చెప్పే నేను మాత్రం ఈ జానెడు ముక్కనే.

మర్నాడు రత్నం హాస్టలు నుంచి ఇంటికొచ్చింది. అప్పటికి మూడో సంవత్సరం చదువుతోంది. ఈ రెండున్నరేళ్ళలో ఆ పిల్లలో ఒక మార్పు వచ్చింది. కంప్యూటర్ల సీటు గురించి మాట్లాడటం మానేసింది. బస్సు కడ్డీ పట్టుకుంటే అది ఏ లోహమో, పైన ఏ పూత ఉందో చూస్తుంది. స్టీలు గ్లాసుకి అయస్కాంతం అంటించి చూస్తుంది. వాళ్ళమ్మ దోసెల పెనం ఎందుకు అంటుకుంటోందో ఒకసారి అరగంట వివరించి, దోసె మాడబెట్టి తిట్లు తింది.

అన్నం ముందు కూర్చుని మెతుకు ముట్టని తండ్రిని చూసింది. వాళ్ళమ్మ జరిగింది చెప్పింది.

"ఇనుము మంచిదేనే," అన్నాడు సింహాద్రాచారి. "నా చెవి ఎప్పుడూ తప్పలేదు."

"నీ చెవి నాకు తెలుసు నాన్నా. వాళ్ళకి తెలియదు కదా. నాకిచ్చెయ్యి. లోపల ఏముందో కాయితం మీద పెట్టి చూపిస్తాను."

సింహాద్రాచారి ఒక్క క్షణం కూతుర్ని ఎగాదిగా చూశాడు. తర్వాత నూనెగుడ్డతో సహా నన్ను ఆ పిల్ల ఒళ్ళో పెట్టాడు.

గోనెసంచిలో బస్సెక్కాను. కండక్టరు సంచిని కాలితో కదిలించబోయి, కదలక, "ఏటమ్మా ఇందులో?" అన్నాడు. "మా నాన్న పరువు," అంది రత్నం. "అయితే సీటు కింద పెట్టుకో, దార్లో ఎవరైనా తన్నుకుంటారు," అన్నాడాయన టిక్కెట్టు కోస్తూ.

ప్రయోగశాలలో నన్ను మొదట అందుకున్నవాడు జోగారావు. పాతికేళ్ళుగా అక్కడ సామాను చూసుకునే మనిషి. అద్దాలు, రంపాలు, యాసిడ్ సీసాలు అన్నీ ఆయన అజమాయిషీలోవే. ఆ విభాగంలో పాఠాలు చెప్పే వసుంధర మేడమ్ నూనెగుడ్డ విప్పి చూసి, "ఎవరు చుట్టారు దీన్ని?" అని అడిగింది.

"మా నాన్నండీ."

"విరిగిన ముఖాన్ని తాకకుండా, తుప్పు పట్టకుండా భలే చుట్టారు. మన వాళ్ళకి ఏటా చెప్తాను, అయినా కడిగేసి తెస్తారు."

రత్నం ముఖం వెలిగింది.

ఇక మొదలైంది నా సేవ. జోగారావు నా పక్కనుంచి గోరంత ముక్క కోసి, నల్లటి బిళ్ళలో బిగించాడు. దాన్ని రత్నం గరుకు కాయితం మీద రుద్దింది, తర్వాత ఇంకా సన్నటి కాయితం మీద, ఇంకా సన్నదాని మీద. ఆఖరికి తిరిగే మఖమల్ గుడ్డ మీద తెల్లటి పొడి నీళ్ళు చల్లి మెరుగు పెట్టింది. మనుషులు అద్దంలో తమ ముఖం చూసుకోవడానికి పడే పాట్లు నేను విన్నానుగానీ, ఎదుటివాడి ముఖాన్నే అద్దంగా మార్చడానికి ఇంత పాటుపడటం అక్కడే చూశాను. మొదటిసారి గీతలు మిగిలాయి. జోగారావు కంటి దగ్గర పెట్టుకుని, "పిల్లి గోకినట్టుంది, మళ్ళీ," అన్నాడు. రెండోసారి తోకచుక్కల్లాంటి మచ్చలు లేచాయి. "ఎక్కువ నొక్కావు. మళ్ళీ." మూడోసారికి రత్నం వేళ్ళు నల్లగా అయిపోయాయి, ముక్కు మీద కూడా మసి.

"బాబాయ్, ఇంక నావల్ల కాదు."

"మీ నాన్నగారు షాఫ్టు తిప్పేటప్పుడు సగంలో వదిలేస్తారామ్మా?"

మూడోసారి మెరుగు అద్దంలా వచ్చింది. స్పిరిట్లో నాలుగు చుక్కలు యాసిడ్ కలిపి నాకు ఒక స్నానం చేయించారు. సూక్ష్మదర్శిని కింద పెట్టారు. రత్నం కళ్ళు పెట్టి చూసి ఊపిరి బిగపట్టింది. తెల్లటి గింజలు, వాటి మధ్య ముదురు గింజలు, ఒకదాన్నొకటి ఒరుసుకుని, ఎక్కడా మురికి లేకుండా, పొందిగ్గా. నా లోపల అంత అందం ఉందని నాకే తెలియదు. తర్వాత గట్టిదనం కొలిచారు. అదీ ఉండాల్సిన చోటే ఉంది.

"ఇనుము మంచిదే!" అని ఆ పిల్ల ప్రయోగశాల మధ్యలో గెంతింది. ఫోను తీసి తండ్రికి చెయ్యబోయింది.

వసుంధర మేడమ్ చెయ్యి అడ్డం పెట్టింది. "ఇనుముని అడిగావు, చెప్పింది. మంచి ఇనుము ఎందుకు విరిగింది మరి? అది విరిగిన ముఖాన్ని అడగాలి. అప్పుడు ఫోను చెయ్యి."

భూతద్దం కింద నా విరిగిన ముఖం పెట్టి, పక్కనుంచి దీపం వేశారు. అప్పుడు కనబడింది రత్నానికి. చెరువులో రాయి వేస్తే లేచే అలల్లాంటి గీతలు. ఒకదాని వెనక ఒకటి, ముఖం సగానికి పైగా. నేను ఒక్కరోజులో విరగలేదు. నెలల తరబడి, తిరిగిన ప్రతి తిరుగుడుకీ వెంట్రుకలో వెయ్యో వంతు చీలుతూ వచ్చాను. ఆ అలలన్నీ ఒక్క చోటునుంచే లేచాయి. రత్నం సూది మొనతో వాటి వెనకే వెళ్ళింది. చివరి అల, దాని ముందుది, దాని ముందుది. సూది వెళ్ళి ఆగింది.

గాడి మూల దగ్గర. బ్లేడుతో గీసినట్టున్న ఆ మూల దగ్గర.

గెంతిన పిల్ల కుర్చీలో కూలబడిపోయింది. పాఠంలో చదివినదే. పదునైన మూల ఉంటే భారమంతా వచ్చి అక్కడే గుమికూడుతుంది. అక్కడే పగులు పుడుతుంది. పరీక్షలో అది రాసి పదికి తొమ్మిది తెచ్చుకుంది కూడా. ఆ మూల తీసిన చెయ్యి తన తండ్రిదవుతుందని పుస్తకంలో రాయలేదు.

మేడమ్ ఆ పిల్ల భుజం తట్టి క్లాసుకి వెళ్ళిపోయింది.

జోగారావు టీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. రత్నం కప్పుని పక్కకి జరిపింది. "బాబాయ్, వాళ్ళు అడిగింది ఇనుము మంచిదా కాదా అనే కదా. మంచిదని రాసిస్తే అబద్ధం కాదు కదా?"

"కాదమ్మా."

"అంతవరకే రాస్తాను మరి."

"సరే." ఆయన బల్ల మీద పడిన టీ చుక్కలు గుడ్డతో తుడిచాడు. "అవునమ్మా, మీ నాన్నగారు ఇలాంటివి ఇంకా ఎన్ని పెట్టి ఉంటారు?"

టీ చల్లారిపోయింది. ఆ పిల్ల నా వైపు చూస్తోందిగానీ నన్ను చూడటం లేదు. ఆ గానుగల దగ్గర పొద్దస్తమానం చెరకు అందించే ఆడవాళ్ళ చేతులు కనబడుతున్నాయని నాకర్థమైంది. కాసేపటికి కాయితాలు ముందుకి లాక్కుంది. మొదటి పేజీలో ఇనుము సంగతి రాసింది. రెండో పేజీ పైన "విరగడానికి కారణం" అని రాసి, పెన్ను పక్కన పెట్టి, మళ్ళీ తీసింది.

ఆదివారం పొద్దున్న నేనూ, రెండు పేజీలూ అనకాపల్లి చేరాం. రత్నం ఇంటికి వెళ్ళలేదు. తిన్నగా షాపుకి వెళ్ళింది. సింహాద్రాచారి చొక్కా మార్చుకుని గానుగలవాళ్ళ సమావేశానికి వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నాడు.

"ఇనుము?" అన్నాడు.

"మంచిది నాన్నా. నీ చెవి తప్పలేదు."

అతను స్టూలు మీద కూర్చుని, రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. వారం రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు. ఆ నవ్వు చూశాక రెండో మాట చెప్పడం ఎంత కష్టమో ఆ పిల్లనే అడగాలి.

"ఇంకోటుంది నాన్నా."

నన్ను బల్ల మీద పెట్టి భూతద్దం చేతికిచ్చింది. అలలు చూపించింది. వేలు పెట్టి వాటి వెంటే తీసుకెళ్ళి మూల దగ్గర ఆపింది. సింహాద్రాచారి వంగి చూశాడు. భూతద్దం తిప్పి మళ్ళీ చూశాడు. బొటనవేలితో ఆ మూలని తడిమాడు. ముప్ఫై ఏళ్ళుగా మురిపెంగా తడిమిన మూల.

"అంటే నేను తీసిన గాడే విరగ్గొట్టిందా?"

"నీ పనిలో వంక లేదు నాన్నా. ఎడ్లు తిప్పే రోజుల్లో, చిన్న మోటార్ల రోజుల్లో ఈ మూలకి ఏమీ కాలేదు. ఇప్పుడు మోటార్లు పెద్దవయ్యాయి. మూల కొంచెం గుండ్రంగా తీస్తే భారం పక్కలకి జారిపోతుంది. అంతే."

"గుండ్రంగా," అన్నాడు. ఆ మాట నోట్లో వేసుకుని రుచి చూసినట్టు. "మా నాన్న ఉంటే చెవి మెలిపెట్టేవాడు."

"ఎవరికి, నీకా నాకా?"

"ఇద్దరికీనే."

రత్నం సంచిలోంచి కాయితాలు తీసింది. రెండూ చేతిలో పట్టుకుని నిలబడింది. అడగలేదుగానీ అడిగినట్టే ఉంది.

సింహాద్రాచారి చూపు షాపులోంచి సందులోకి వెళ్ళింది. "పదిహేడు గానుగలే," అన్నాడు మెల్లిగా. "పదిహేడింటికీ ఇదే మూల." లేచి చెప్పులేసుకున్నాడు. "రెండు కాయితాలూ తే. మొదటిది నువ్వు సదువు. రెండోది నేను సెప్తాను."

సమావేశం సన్యాసినాయుడి కళ్ళంలో. ఇరవైమంది దాకా వచ్చారు. రత్నం మొదటి పేజీ చదివింది. ఇనుము మంచిదనగానే కొందరు తలలూపారు, కొందరు గొణిగారు. సన్యాసినాయుడు ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. అక్కడితో ఆగి ఉంటే సింహాద్రాచారి తలెత్తుకుని ఇంటికొచ్చేసేవాడు.

అతను నన్ను రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"ఇనుము మంచిది. గాడి నేను తీసిందే. ఈ మూల ఉంది సూడండి, ఇక్కడే పగులు పుట్టింది. మా గుంట రత్నం కనిపెట్టింది. పెద్ద మోటార్లకి ఈ మూల పనికిరాదని నాకు తెలీదు. ఇలాటివి ఇంకా పదిహేను గానుగల్లో తిరుగుతున్నాయి. ఎందులో పగులుందో నాకూ తెలీదు. అందుకే సెప్తున్నాను. సూసిందాకా ఎవరూ గానుగ ఎయ్యకండి."

అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలెట్టారు. చెరకు ఎండిపోతుందని ఒకరు, ఇన్నాళ్ళూ ఏం చేశావని ఒకరు. మనుషులకి కోపమూ భయమూ ఒకే గొంతుతో వస్తాయి, ఏది ఏదో విడదీయడం కష్టం. సన్యాసినాయుడు మాత్రం కదలకుండా కూర్చున్నాడు. చివరికి చెయ్యెత్తాడు.

"పెద్ద మోటారు పెట్టింది నేను. పెట్టేముందు ఆచారిని అడగాలని నాకు తోచలేదు," అన్నాడు. తర్వాత రత్నం వైపు తిరిగాడు. "అమ్మా, పగులు పైకి కనపడదంటున్నావు. విప్పకుండా కనిపెట్టే మార్గం ఏదైనా ఉందా?"

"ఉంది తాతా. మా కాలేజీలో ఉంది," అంది రత్నం.

మర్నాడు మధ్యాహ్నానికి కాలేజీ జీపు వచ్చింది. వసుంధర మేడమ్, జోగారావు, రత్నంతో చదివే మరో నలుగురు దిగారు. సీసాల్లో ఎర్రరంగు, తెల్లటి పొడి. నన్ను కూడా తీసుకెళ్ళారు, నమ్మనివాళ్ళకి చూపించడానికి. షాఫ్టుని శుభ్రంగా తుడిచి ఎర్రరంగు పూస్తారు. కాసేపాగి తుడిచేస్తారు. తెల్లపొడి చల్లుతారు. పగులుంటే అందులో దాక్కున్న ఎరుపు తెల్లపొడి మీదకి గీతలా ఊరి వస్తుంది. ఊళ్ళో ఆడవాళ్ళు ఆ ఎరుపూ తెలుపూ చూసి, "గానుగకి పురుడొచ్చిందేటి, బొట్టు పెడతన్నారు?" అని ఒకటే నవ్వులు. జోగారావు మహా గంభీరంగా, "మగపిల్లాడో ఆడపిల్లో పావుగంటలో చెప్తాం," అన్నాడు.

రెండు రోజుల్లో పదిహేనూ చూశారు. మిగతా రెండూ విరిగిన మేమే. పన్నెండింటి మీద పొడి తెల్లగానే ఉండిపోయింది. మూడింటి మీద గాడి మూల పొడవునా ఎర్రటి గీత తేలింది. మూడో గానుగ దగ్గర రోలర్ల ముందు కూర్చుని చెరకు అందించే ముసలమ్మ ఆ గీతని చూసి, తన కుడిచేతిని చూసుకుంది. లోపలికి వెళ్ళి గుప్పెడు బెల్లం ఆకులో పెట్టి తెచ్చి రత్నం చేతిలో పెట్టింది. ఆ పిల్ల వేళ్ళు ఎర్రరంగులో ఉన్నాయి. తినలేక ఏడ్చేసింది.

సింహాద్రాచారి ఆ వారమంతా షాపు మూయలేదు. కత్తి మొన గుండ్రంగా సానబట్టుకుని పగిలిన మూడింటికీ, విరిగిన రెండింటికీ ఐదు కొత్త షాఫ్టులు తయారుచేశాడు. తర్వాత మిగిలినవాటి మూలలు ఒక్కొక్కటే గుండ్రంగా సరిదిద్దాడు. మొదటి గుండ్రని మూల తీసినప్పుడు చాలాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాడట. "నున్నగా, పాలు తాగే పిల్ల బుగ్గలాగుంది," అన్నాడని ఆదిలక్ష్మి సందంతా చెప్పింది. కొత్త షాఫ్టు తీసుకెళ్ళడానికి సన్యాసినాయుడు మనిషిని పంపలేదు. తనే వచ్చాడు. అడక్కుండానే స్టూలు లాక్కుని కూర్చుని, టీ తాగి, అరగంట మాట్లాడి వెళ్ళాడు. షాఫ్టు గురించి ఒక్క మాట రాలేదు.

నేను కాలేజీలోనే ఉండిపోయాను. వసుంధర మేడమ్ నన్ను బీరువాలో పెట్టించి, పక్కన రత్నం రాసిన రెండో పేజీ అద్దం కింద అంటించింది. మొదటి పేజీ పెట్టలేదు. మంచి ఇనుముకి బీరువాలో ఏం పని అంది. నా ఇరుగుపొరుగంతా విరిగినవాళ్ళే. ఒక స్ప్రింగు, ఒక రైలు పట్టా ముక్క, ఒక ప్రెషరు కుక్కరు మూత. పరిచయాలప్పుడు అందరం ఎక్కడ పనిచేశామో చెప్పుకోం, ఎలా విరిగామో చెప్పుకుంటాం. మంచి సావాసం.

రత్నం నాలుగో సంవత్సరంలో ఉండగా మేడమ్ ఒక ఏర్పాటు చేసింది. గాడి ఎలా తియ్యాలో రెండో సంవత్సరం పిల్లలకి చూపించడానికి సింహాద్రాచారిని పిలిచింది. ఇస్త్రీ చొక్కా, చెవి వెనక సుద్దముక్కతో వచ్చాడు. పిల్లలంతా "సార్" అని లేచి నిలబడితే వెనక ఎవరొచ్చారా అని తిరిగి చూశాడు. మా ప్రయోగశాల తలుపుకి ఎదురుగా ఉన్న వర్కుషాపులో మిషను ముందు నిలబడేదాకానే ఆ బెరుకు. తర్వాత గంటసేపు ఆ పిల్లల్ని కదలనివ్వలేదు. ఒక అమ్మాయి పదునైన మూల ఎందుకు పనికిరాదని అడిగితే, పాఠం చెప్పినట్టే చెప్పాడు. వెనక వరసలో నిలబడ్డ రత్నం తల వంచుకుని నవ్వుకోవడం అద్దంలోంచి నేను చూశాను.

అంతా అయ్యాక జోగారావు అతణ్ణి సూక్ష్మదర్శిని దగ్గరికి తీసుకొచ్చాడు. రత్నం మెరుగు పెట్టిన నా గోరంత ముక్కని బిళ్ళతో సహా కింద పెట్టాడు.

"ఇందులో చూడండి ఆచారిగారూ."

సింహాద్రాచారి చేతులు వెనక్కి కట్టుకుని, పొరపాటున ఏదైనా తగులుతుందేమోనని భయంగా వంగాడు. కన్ను కుదరడానికి కొంచెం టైము పట్టింది. కుదిరాక కదల్లేదు.

"ఏం కనబడుతోంది నాన్నా?" అంది రత్నం.

వెనక ప్రాక్టికల్స్ పిల్లలు వరసకట్టి నిలబడ్డారు. ఒకడు గడియారం చూసుకున్నాడు. వసుంధర మేడమ్ వేలు పెదవుల మీద పెట్టి వాళ్ళని ఆపింది. సింహాద్రాచారి నెమ్మదిగా చెయ్యి చాచి, చూపు తియ్యకుండానే తడుముకుని స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"రత్నా," అన్నాడు చాలాసేపటికి, కన్ను అక్కడే ఉంచి. "దీన్ని కొంచెం పక్కకి జరపడం ఎలగే? అవతల కూడా సూడాలి."

ఆ పిల్ల తండ్రి చెయ్యి తీసుకుని చిన్న మర మీద పెట్టి, తిప్పడం చూపించింది. ఆ రోజు క్లాసు అరగంట ఆలస్యంగా మొదలైంది.